రెండో గరిటె

ఆయన పోయారన్న కబురు వాళ్ళమ్మాయి జొహోర్ నుంచి ఫోన్లో చెప్పింది. మంగళవారం పొద్దున, సింగపూర్ తంజోంగ్ పగార్‌లో మా ఆఫీసు లిఫ్ట్ ముందు నిలబడి ఉన్నాను. "నాన్న పోయారన్నా, నిద్దట్లోనే" అంది. ఏదో నాలుగు ఓదార్పు మాటలు చెప్పాను. నాకు దుఃఖం కంటే ముందు భయం వేసింది. మూడు నెలల కిందట ఆయన నాకో పని అప్పజెప్పారు. నేనింకా చెయ్యలేదు. ఆ పనేమిటో చెప్పాలంటే ముందు ఆయన ఎలాంటివారో చెప్పాలి.

బుకిట్ పంజాంగ్‌లో మా బ్లాకులోనే మూడో అంతస్తులో ఉండేవారు. మేం పదకొండులో. ఈ ఊళ్ళో పెద్దవాళ్ళంతా అంకుల్సే కాబట్టి ఆయన కూడా మాకు అంకులే. తాతగారి కాలంలో విశాఖ జిల్లా నుంచి రబ్బరు తోటల్లో పనికి వచ్చిన కుటుంబం. ఈయన తోటలోకి వెళ్ళకుండా రైల్వేలో చేరి, బుకిట్ తిమా దగ్గరున్న చిన్న స్టేషన్లో ముప్ఫై ఏళ్ళకు పైగా పనిచేసి రిటైరయ్యారు. భార్య పోయింది. ఒక్కతే కూతురు, సరిహద్దు అవతల మలేసియాలో, జొహోర్‌లో కాపురం. ఆయన తెలుగు నాకు మొదట్లో సగమే అర్థమయ్యేది. ఎప్పటివో ఉత్తరాంధ్ర వైపు మాటలు, మధ్యలో అరవం, పైన చిటికెడు మలయ్.

పొట్టి మనిషి. చేతులు మాత్రం పొడుగు. కుడి మోచేతి పైన చర్మం నల్లగా కాయకట్టి ఉండేది. అది ఆయన ఉద్యోగం పెట్టిన గుర్తు. మేం ఆ ఫ్లాట్‌లో దిగిన మూడో రోజు పొద్దున లిఫ్ట్ దగ్గర నన్ను ఆపారు.

"ఎక్కడికి బావూ?"

"ఆఫీసుకి అంకుల్."

"సేతిలో ఏటుంది?"

నాకు అర్థం కాలేదు. బ్యాగు చూపించాను. ఇంటి తాళం, ఆఫీసు పాసు ఎక్కడున్నాయని అడిగారు. జేబులో ఉన్నాయన్నాను. "జేబులో ఉంటే ఉన్నట్టు కాదు. తీసి సేత్తో అట్టుకొని సూసుకో" అన్నారు. తీసి చూసుకున్నాను. అప్పుడు పక్కకి జరిగారు. ఆ సాయంత్రం ఇంట్లోకొచ్చి చెప్పులు విడుస్తుంటే ఫోన్ మోగింది.

"సేరేవా?"

"చేరాను అంకుల్."

"లైన్ క్లియర్" అని పెట్టేశారు.

వసంత, నా భార్య, వారం రోజులు ఈ మాట అని నన్ను ఏడిపించింది. పాపం పెద్దాయనకి కాస్త తిక్క అనుకున్నాం. తర్వాత ఒక ఆదివారం ఆయనే మమ్మల్ని వెంటబెట్టుకుని తన స్టేషన్‌కి తీసుకెళ్ళి, ఒక మూల నిలబెట్టి చూపించారు. అక్కడ ఒకటే పట్టా. ఇటు నుంచీ అటు నుంచీ వచ్చే బళ్ళన్నీ దాని మీదే పోవాలి. అందుకని ఒక ఇత్తడి టోకెన్ ఉంటుంది. అది చేతికి అందితేనే డ్రైవరు బండి కదిలించాలి. అవతలి స్టేషన్‌కి బండి చేరిందన్న కబురు వచ్చేదాకా ఇంకో టోకెన్ మిషన్లోంచి బయటికి రాదు. ఆ కబురే 'లైన్ క్లియర్'. బెత్తం రింగుకి కట్టిన సంచిలో ఆ టోకెన్ పెట్టి, కదిలే బండిలోని డ్రైవరుకి ప్లాట్‌ఫారం మీంచి చేత్తో అందించాలి. డ్రైవరు తన దగ్గరున్నది అదే క్షణంలో ఈయన చేతికి తగిలిస్తాడు. మోచేతి మీద కాయ అందుకే కాసింది. "ముప్పై ఏళ్ళు. ఒక్క తప్పు లేదు" అన్నారు. గొప్ప చెప్పుకుంటున్నట్టు కాదు, మందు వేసుకున్నానని చెప్పినట్టు చెప్పారు.

అప్పుడే మా పేటలో డ్రైవరు లేని చిన్న రైలు నడపడం మొదలైంది. ఆయన దాన్ని ఒక్కసారి కూడా ఎక్కలేదు. వంతెన మీద అది పోతుంటే కింద ఆగి, ముందు అద్దంలోంచి లోపలికి చూసేవారు. "ఎవుడి సేతిలోనూ ఏటీ లేదు. మరెలా ఎల్తంది?" అనేవారు. కంప్యూటరు నడుపుతుందని చెబితే నా వైపు అనుమానంగా చూసేవారు, దాన్ని నేనే వదిలినట్టు.

అవి మావాళ్ళు సూట్‌కేసులతో దిగబడుతున్న రోజులు. వారానికొకడు హైదరాబాదు నుంచి వచ్చి మా హాల్లో పరుపేసుకునేవాడు. ఎవడి కాంట్రాక్టు ఎన్నాళ్ళో, ఇక్కడ పనిచెయ్యడానికిచ్చే పాసు ఎవడిది ఎప్పుడు రద్దవుతుందో తెలియదు. అందరం నవ్వుతూనే భయపడుతూ ఉండేవాళ్ళం. ఆదివారం లిటిల్ ఇండియాలో కూరలు కొంటున్నా మా చెవి ఫోన్ మీదే. ఆ కుర్రాళ్ళందరి నంబర్లూ అంకుల్ దగ్గర ఉండేవి. అందరికీ ఒకటే ఫోను, "సేరేవా?" వాళ్ళు ఆయన గొంతుని అనుకరించి పడీపడీ నవ్వేవాళ్ళు. అందులో ఒకడికి ఉద్యోగం పోయి వారంలో దేశం వదలాల్సి వచ్చింది. వాడు హైదరాబాదులో దిగి, ఇంటికి కూడా చెప్పకముందు, మూడో అంతస్తుకి ఫోన్ చేసి చేరానని చెప్పాడు.

ఎడారి ప్రయాణం సంగతి ఆయనే ఎత్తుకున్నారు. నేను ఆస్ట్రేలియాలో క్యాంపర్‌వ్యాన్ అద్దెకు తీసుకుందామని కాగితాలు తెప్పించాను. వంటిల్లూ పడకా అన్నీ లోపలే ఉండే బండి. అడిలైడ్‌లో దిగి ఉత్తరంగా ఎడారి పార్కులు చూసుకుంటూ వెళ్ళడం. మా ఇంటికి భోజనానికి వచ్చి ఆ కాగితాలు తిప్పుతూ ఒక బొమ్మ దగ్గర ఆగిపోయారు. ఎర్రమట్టి మధ్య పాత బొగ్గింజన్, దాని పక్కన రింగు పైకెత్తి పట్టుకున్న ముసలి దొర. సరదాకి ఇంకా నడుపుతున్న పాతకాలపు రైలు అది.

"ఇక్కడింకా సేత్తోనే ఇత్తన్నారా?" అన్నారు. ఆ బొమ్మ మీద వేలు చాలాసేపు తియ్యలేదు. "నాకు టిక్కెట్టు నానే కొనుక్కుంటాను బావూ. ఒక మూల పడుంటాను."

నేను తటపటాయించాను. వసంత మాత్రం ఒక్క మాటలో తేల్చేసింది. "రానివ్వండి. మీ డ్రైవింగ్‌కి పక్కన ఒక భయపడే మనిషి ఉండటమే మంచిది."

ఆ రైలు వాళ్ళకి మెయిల్ రాశాను, మాతో ఒక పాత రైల్వే ఆయన వస్తున్నారు, ఒక్కసారి టోకెన్ అందించనిస్తారా అని. సంతోషంగా రమ్మన్నారు. ఆ సంగతి చెప్పిన రోజున ఆయన ట్రంకు పెట్టె తీసి, ఉద్యోగం నాటి తెల్ల చొక్కా ఉతికి ఇస్త్రీ చేయించుకున్నారు.

బండి ఎక్కిన మొదటి గంటలోనే ఆయన రూలు పెట్టారు. వంట సొరుగులోంచి ఒక గరిటె తీసి, వసంత ఇచ్చిన ఎర్ర జాకెట్టు గుడ్డ పీలిక దాని కాడకి కట్టి, తలుపు పక్కన కొక్కేనికి తగిలించారు. కనుచూపు దాటి ఎవరు వెళ్ళాలన్నా అది చేత పట్టుకుని వెళ్ళాలి. తిరిగొచ్చి కొక్కేనికి తగిలించాలి. అది కొక్కేనికి లేకపోతే బండి కదలకూడదు, రెండో మనిషి వెళ్ళకూడదు. గరిటె చేతిలో ఉన్నవాళ్ళు దారి తప్పినా, బండి కనపడకపోయినా ఉన్నచోటి నుంచి కదలకూడదు, మిగతావాళ్ళే వెతుక్కుంటూ రావాలి. మేం నవ్వుకుంటూనే ఒప్పుకున్నాం. నిజం చెప్పాలంటే, చుట్టూ ఎటు చూసినా ఎర్రమట్టీ రాళ్ళూ తప్ప మనిషన్నవాడు లేని ఆ చోట, నాకు ఆ గరిటె చూస్తే ధైర్యంగానే ఉండేది.

మూడో రోజుకి విసుగొచ్చింది. వసంత గరిటె పట్టుకుని ఫొటోలు తీసుకోవడానికి వెళితే ముప్పావుగంట రాదు. అంతసేపూ నేను బండి దగ్గర కట్టేసినట్టు కూర్చోవాలి. నాకేమో ఆఫీసు భయం. సింగపూర్‌లో మా ప్రాజెక్టు ఆఖరి దశలో ఉంది, మేనేజరు నుంచి 'ఫోన్ చెయ్' అని రెండే మాటల మెసేజ్ వచ్చి ఉంది. గుట్ట ఎక్కితే తప్ప సిగ్నల్ లేదు. మా వృత్తిలో ఏ వస్తువుకైనా నకలు ఒకటి పక్కన పెట్టుకోవడం మొదటి పాఠం. ఒకటే ఉంటే అది పోయిననాడు అంతా ఆగిపోతుంది. సొరుగులో అలాంటిదే ఇంకో గరిటె ఉంది. మిగిలిన ఎర్ర పీలిక దానికి కట్టి నా బ్యాగులో దాచుకున్నాను. ఎంత తెలివైనవాణ్ణో అని నాకు నేనే మురిసిపోయాను కూడా. టోకెన్‌కి నకలు ఉంటే అది టోకెనే కాదన్న సంగతి, అంత చూసీ నా బుర్రకి ఎక్కలేదు.

నాలుగో రోజు మధ్యాహ్నం. వసంత గరిటె తీసుకుని రాళ్ళ వైపు వెళ్ళింది. అంకుల్ నీళ్ళ ట్యాంకు దగ్గరికి క్యాను పట్టుకుని వెళ్ళారు. అది కనుచూపు మేరలోనే ఉంది కాబట్టి దానికి గరిటె అక్కర్లేదు. నేను నా గరిటె తీసుకుని గుట్ట ఎక్కాను. మేనేజరు దొరికాడు కానీ మాట తెగి తెగి వచ్చింది. "నువ్వొచ్చాక మాట్లాడదాం" అన్న ముక్క ఒక్కటే స్పష్టంగా వినపడింది. కాంట్రాక్టు పోయిందనే అనుకున్నాను. గుట్ట దిగుతున్నంతసేపూ అద్దె ఒప్పందం, వసంత ఉద్యోగం, ఇండియాలో ఏమని చెప్పుకోవాలి, ఇదే గోల. బండి దగ్గరికొచ్చి అలవాటుకొద్దీ గరిటె కొక్కేనికి తగిలించి డ్రైవరు సీట్లో కూలబడ్డాను.

అంకుల్ నీళ్ళతో వచ్చారు. కొక్కెం వైపు చూశారు. వెనక పడక దగ్గర తెర వేసి ఉంది.

"తల్లి తొంగుందా?" అన్నారు, వసంత పడుకుందా అని.

నేను వినకుండానే ఊఁ అన్నాను.

"అయితే లైన్ క్లియర్" అన్నారు.

నేను తాళం తిప్పాను. ఆ మాట వింటే బండి కదిలించడం నాకు అప్పటికి అంతగా అలవాటైపోయింది.

ముప్పై అయిదు నిమిషాల తర్వాత ఒక పెట్రోలు బంకు దగ్గర ఆగాం. అంకుల్ ఐసు కొనడానికి దిగారు. నేను వసంతని లేపుదామని తెర తీశాను. పడక ఖాళీ. పక్కన ఆమె నీళ్ళ సీసా ఉంది. తలుపు వైపు తిరిగితే కొక్కేనికి నా గరిటె వేలాడుతోంది.

అప్పుడు నేను చేసిన పని ఇదీ. ముందు ఆ గరిటె తీశాను. పీలిక విప్పి కిటికీలోంచి పారేశాను. గరిటెని సొరుగులో మిగతా చెంచాల కింద పెట్టాను. ఆ తర్వాతే తలుపు తీసి అంకుల్‌ని కేకేశాను. నా భార్య ఎండలో, నీళ్ళు లేకుండా, ఎక్కడో ఉందని తెలిసిన క్షణంలో కూడా నా తప్పు బయటపడకూడదన్న తెలివి నాకు ముందు ఎలా వచ్చిందో ఇప్పటికీ అర్థం కాదు. తలుచుకుంటే నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

వెంటనే బండి వెనక్కి తిప్పాను. ఆయన ముందు సీట్లో కూర్చుని డాష్‌బోర్డు రెండు చేతులతో పట్టుకున్నారు. రోడ్డు మీద కనపడిన ప్రతి తుప్పనీ వసంత అనుకుని నేను బ్రేకు వేశాను.

ఆమె కదల్లేదు. బండి నిలిపిన చోటే, పక్కనున్న బక్కచెట్టు నీడలో, గరిటె ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉంది. మొహం కందగడ్డ అయింది. పెదాలు పగిలాయి. నీళ్ళు తాగాక మెల్లగా చెప్పింది. "టోకెన్ నా దగ్గరుంటే బండి పోదు కదా అనుకున్నాను. చుట్టూ చూశాను. టోకెనున్న మనిషి కదలకూడదని అంకుల్ చెప్పారుగా. కూచున్నాను. మీకేమైనా అయిందేమోనని భయపడ్డాను."

అంకుల్ ఆమె ఒళ్ళో గరిటెని చూశారు. బండెక్కి కొక్కేన్ని చూశారు. చేత్తో తడిమారు. "ఇక్కడుండింది" అన్నారు. నా వైపు తిరిగారు. "నువ్వు సూసేవు గదా బావూ?"

"నేను చూడలేదు అంకుల్. మీరు లైన్ క్లియర్ అన్నారని..." అన్నాను.

ఆయన మెట్టు మీద కూర్చుండిపోయారు. వసంతే లేచి వచ్చి, ఫర్వాలేదు అంకుల్, పొరపాటు ఎవరికైనా జరుగుతుందని ఆయన వీపు నిమిరింది.

మర్నాడు ఆ రైలు స్టేషన్‌కి వెళ్ళాం. రాతి కట్టడం, ఎర్రమట్టి ప్లాట్‌ఫారం, ఆవిరి వదులుతున్న ఇంజన్. బొమ్మలోని దొరే మాకోసం ఎదురుచూస్తున్నాడు. టోపీ తీసి అంకుల్‌కి చెయ్యిచ్చి, రింగు అందించబోయాడు. అంకుల్ రెండు చేతులూ వెనక్కి పెట్టుకున్నారు. "నో సర్. మై ఐస్ నో గుడ్" అన్నారు. దొర మళ్ళీ బతిమాలాడు. ఈయన తల అడ్డంగా ఊపి రెండడుగులు వెనక్కి వేశారు. దొరే డ్రైవరుకి అందించాడు, బండి వెళ్ళిపోయింది. పొగ కనపడకుండా పోయేదాకా ఆ ఇస్త్రీ చొక్కాలో ఆయన అలాగే నిలబడ్డారు. ఆయన పక్కనే నేను నిలబడ్డాను. ఒక్క మాట చెబితే సరిపోయేది. చెప్పలేదు.

సింగపూర్ వచ్చాక తెలిసింది, మేనేజరు మాట్లాడాలన్నది నా సెలవు కాగితంలో లేని సంతకం గురించి.

ఆ తర్వాత ఆయన ఫోన్లు ఆగిపోయాయి. లిఫ్ట్ దగ్గర ఎదురైతే "మాకాన్ అయ్యిందా?" అని అడిగేవారు, అంతే, ఈ ఊళ్ళో అందరూ అన్నం తిన్నావా అని అడిగినట్టే. చేతిలో ఏముందని అడగలేదు. నెల తర్వాత ఒకరోజు నా భుజం పట్టుకుని ఆపారు. "కళ్ళ డాక్టరు దగ్గరికెళ్ళేను బావూ. కళ్ళు బాగున్నాయంట. అంటే ఇంక బుర్రే" అన్నారు. చాలా మెల్లగా అన్నారు, ఎవరైనా వింటారేమోనన్నట్టు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు, అయినా చెప్పలేదు. పొయ్యి ఆపానా లేదా అని నాలుగుసార్లు మెట్లు దిగి ఎక్కుతున్నారని తెలిసి కూతురు వచ్చి జొహోర్ తీసుకెళ్ళిపోయింది. అక్కడ మనవరాలి చెయ్యి పట్టుకుని రోడ్డు దాటించమంటే ఒక్కనాడూ దాటించలేదట.

మా ఇంట్లో మాత్రం ఆ ఎడారి కథ విందు భోజనాల కథ అయింది. వసంత బాగా చెబుతుంది. ఎవరొచ్చినా గరిటె, చెట్టు నీడ, బండి మాయం, అన్నీ అభినయించి చెప్పి, చివర్లో "పాపం అంకుల్‌ది తప్పు కాదు, వయసుది" అనేది. వాళ్ళు నవ్వేవాళ్ళు. నేను మంచినీళ్ళ కోసం వంటింట్లోకి వెళ్ళేవాణ్ణి.

పదేళ్ళు దాటాయి. ఆయన స్టేషన్ మీదుగా ఆఖరి బండి కూడా వెళ్ళిపోయింది, పట్టాలు తీసేశారు. ఆయనకి ఆరోగ్యం బాగా లేదని తెలిసి మూడు నెలల కిందట ఒక్కణ్ణే జొహోర్ వెళ్ళాను. వరండాలో కుర్చీలో ఉన్నారు. అక్కడ అంతా చెప్పాను, దాచకుండా.

"ఎన్ని గరిటెలు?" అన్నారు.

"రెండు."

"రెండిటికీ ఎర్రగుడ్డే?"

"అవునంకుల్."

"అయితే నాను సూసింది ఉన్నదే."

"ఉన్నదే."

ఆయన కళ్ళు మూసుకున్నారు. తిడతారనుకున్నాను. తిడితే బాగుండనుకున్నాను. చెయ్యి పట్టుకోబోతే తీసేసుకున్నారు. "కొంచెంసేపు ఉండనీ" అన్నారు. లోపల మనవరాలు టీవీ చూస్తున్న చప్పుడు. చాలాసేపటికి, నాతో కాదు తనతోనే అన్నట్టు, "అయితే ఆ బొగ్గుబండికి టోకెన్ నాను ఇచ్చుండొచ్చు" అన్నారు.

నాకు ఏడుపొచ్చింది. ఆయన పట్టించుకోలేదు.

"తల్లికి సెప్పేవా?"

"లేదు."

"ఎండలో కూసున్నది అది. నాకన్నా ముందు దానికి సెప్పాల. ఎల్లి సెప్పు."

"మీరు ఎవరికైనా..."

"నానెందుకు సెప్తాను? అది నీ సేతిలో ఉంది."

ఇదీ ఆయన నాకు అప్పజెప్పిన పని. ఇంటికొచ్చి ఇవాళ, రేపు అనుకుంటూ మూడు నెలలు గడిపాను. పోయారని కబురొచ్చాక ఇద్దరం వెళ్ళాం. కూతురు వసంతని పట్టుకుని ఏడ్చింది. "నాన్నకి ఇన్నేళ్ళూ నీ దిగులే అక్కా. మతి తప్పి ఆ పిల్లని ఎడారిలో వదిలేశాననేవాడు" అంది. వసంత కళ్ళు తుడుచుకుంటూ, "నేనెప్పుడో మర్చిపోయాను, పెద్దాయన పొరపాటు" అంది. అంటే సొంత కూతురికి కూడా ఆయన చెప్పలేదు. తన తప్పు లేదని తెలిసిన తర్వాత కూడా, నేను చెప్పాల్సిన మాట కాబట్టి, మూడు నెలలు ఆ నింద మోస్తూనే ఉన్నారు. వాళ్ళ హాల్లో అందరి మధ్యా నిలబడలేక బయటికొచ్చేశాను.

మర్నాడు పొద్దున కాఫీ దగ్గర వసంతకి చెప్పాను. చెప్పడం అయ్యాక గ్లాసు పక్కకి జరిపి, నన్ను చూడకుండా అడిగింది.

"నేను ఎంతమందికి చెప్పానో తెలుసా మీకు? ఆయన తప్పని?"

ఆమె ఫోన్ తీసి ముందు జొహోర్‌కి చేసింది. "మీ నాన్నకి మతి తప్పలేదమ్మా" అంది. మిగతాది కూడా వరసగా చెప్పింది. నా పేరు కాదు, "మా ఆయన" అంది. అవతల ఆ అమ్మాయి ఏమందో నాకు వినపడలేదు. ఫోన్ పెట్టేసి, లేచి వెళ్ళి కాగితం, పెన్ను తెచ్చి నా ముందు పెట్టింది.

"పేర్లు చెబుతాను, రాయండి. ఫోన్లు మీరే చెయ్యాలి."

ఆమె చెబుతూ పోయింది. హాల్లో పరుపేసుకున్న కుర్రాళ్ళు, ఇప్పుడు ఇళ్ళూ పిల్లలూ ఉన్నవాళ్ళు. పై అంతస్తు వాళ్ళు. నా ఆఫీసు వాళ్ళు. మా అత్తగారు. కాగితం వెనక్కి తిప్పాల్సి వచ్చింది. ఆమె ఎదురుగానే కూర్చుంది, కదల్లేదు. మొదటి నంబరు నొక్కాను.

"మా ఎడారి కథ విన్నారు చూడండి," అన్నాను, "అందులో అంకుల్ సరిగ్గానే చూశారు."